మెదడు స్కాన్ పరిశోధనకు వెళ్లే ముందు జాగ్రత్తలు

జ్ఞాపకశక్తి, నేర్చుకోవడం, మానసిక ఆరోగ్యంపై జరిగే పరిశోధనల్లో ఎఫ్ఎంఆర్ఐ (బలమైన అయస్కాంతమున్న యంత్రంతో మెదడు పనితీరును చూసే) స్కాన్‌కు స్వచ్ఛందంగా వెళ్తున్నవారి కోసం.

• అన్నిటికన్నా ముందు లోహం సంగతి. సాధారణంగా 3 టెస్లాల (అయస్కాంత బలానికి కొలమానం) బలముండే ఆ యంత్రంలోని అయస్కాంతం స్కాన్ జరగనప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. గదిలోకి తెచ్చిన ఇనుప కత్తెర చేతిలోంచి దూసుకుపోతుంది. పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం), మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు ఉంటే ముందే చెప్పాలి. వెల్డింగ్, గ్రైండింగ్ పని చేసినవారు కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందేమో గుర్తు చేసుకోండి. ఫారంలోని ఈ ప్రశ్నను దయచేసి తేలిగ్గా దాటవేయకండి. అది చూపు పోయేంతటి ప్రమాదం.

• ముక్కుపుడక, జడపిన్నులు, చీర పిన్నీసులు, మొలతాడుకున్న తాయెత్తు ఇంట్లోనే తీసేయండి. మెట్టెలు బిగుసుకుపోతే ముందురోజే సబ్బునీళ్లతో తీయించుకోవాలి.

• గర్భం ఉన్నా, ఇరుకు చోటంటే భయమున్నా చెప్పండి.

• ఈ స్కాన్ కొలిచేది రక్తంలో ఆక్సిజన్ మార్పులను. కాఫీ మెదడుకు రక్తప్రసరణను తగ్గిస్తుంది కాబట్టి ఆ ఉదయం తాగవచ్చో లేదో పరిశోధకులనే అడగండి. మానసిక చికిత్స మందులు మాత్రం సొంతంగా ఆపవద్దు.

• మధ్యలో కదలాల్సిన అవసరం రాకుండా లోపలికి వెళ్లేముందు మూత్రవిసర్జన చేయండి. తల ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిలినా కొలతలు చెడతాయి.

• అంగీకారపత్రం చదవకుండా సంతకం వద్దు. అనుకోకుండా గడ్డలాంటిదేదైనా కనిపిస్తే ఎవరు చెబుతారో అడగండి. ఒక్కరి స్కాన్ చూసి కుంగుబాటు ఉందని ఇప్పటికీ తేల్చలేరు, అలా చెప్పేవారిని నమ్మకండి.