ఔట్‌హాల్ వదిలినా తెరచాప వదులు కాకపోతే: నా అనుభవం

హుస్సేన్ సాగర్‌లో నేను నడిపేది లేజర్, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ. ఇప్పుడు దాన్నే ఐఎల్‌సీఏ 7 అంటున్నారు. తెరచాప 7.06 చదరపు మీటర్లు. గాలిని బట్టి దాని ఆకారం మార్చడానికి వ్యాంగ్, కన్నింగ్‌హామ్, ఔట్‌హాల్ అని మూడు తాళ్లు, కూర్చున్న చోటికే అందుతాయి.

నాకు ఔట్‌హాల్‌తోనే తంటా. తెరచాప అడుగు అంచును బూమ్ (తెరచాప కింద అడ్డంగా ఉండే గొట్టం) చివరికి లాగేది అదే. ఎదురుగాలికి బిగించడం బాగానే ఉండేది. బోయ్ (నీటిపై తేలే గుర్తు) చుట్టూ తిరిగి గాలివాటున వెళ్తూ తాడు వదిలితే మాత్రం తెరచాప కదిలేది కాదు. లేచి బూమ్‌ను చేత్తో కొట్టాల్సి వచ్చేది. ఆ కాస్తలో పడవ ఊగిపోయి రెండుసార్లు బోల్తా కొట్టింది.

కప్పీలు అరిగాయేమో అనుకున్నాను. ఒడ్డున విప్పి చూస్తే గిర్రున తిరుగుతున్నాయి. అసలు రాపిడి బూమ్ చివర ఉండే తెరచాప కింది మూల దగ్గర ఉంది. అక్కడ బూమ్ చుట్టూ కట్టిన లావు తాడు నూగు లేచి, మట్టి పట్టి, వేలితో రుద్దితే గరగరలాడింది. దాని బదులు సన్నని డైనీమా (నున్నగా జారే గట్టి సింథటిక్) తాడు రెండు చుట్లు కట్టి, జారేంత వదులుంచాను. ఔట్‌హాల్ తాడును 6 మి.మీ. నుంచి 4 మి.మీ.కి మార్చాను. అన్నిటికంటే పనికొచ్చింది ఎలాస్టిక్ తాడు. తెరచాప మూల నుంచి బూమ్ ముందు భాగానికి కట్టాను. ఔట్‌హాల్ వదలగానే అదే మూలను ముందుకు లాగేస్తుంది.

ఇప్పుడు కూర్చున్న చోటి నుంచే వదులుతున్నాను, బూమ్ మధ్యలో తెరచాపకీ బూమ్‌కీ నడుమ జానెడు ఎడం వచ్చేస్తోంది. ఎంత హాయో! తాడు మీద మార్కర్‌తో ఎదురుగాలికి ఒక గీత, గాలివాటుకి ఒక గీత పెట్టుకున్నాను. కొత్త ఎలాస్టిక్ మొదట్లో కాస్త సాగుతుంది, ముడి మళ్లీ బిగించుకోండి.