చూసిన సినిమా గురించి నాలుగు ముక్కలు రాయాలంటే

సినిమా ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది దగ్గర ఉండే జవాబులు ఐదారే, బాగుంది, పర్లేదు, వన్ టైమ్ వాచ్, ల్యాగ్ ఉంది, సెకండాఫ్ తేలిపోయింది. ఇవి తప్పని కాదు గానీ ఏ సినిమాకైనా అతికిపోతాయి కదా, అందుకే ఇవి విని అవతలివాళ్ళు చూడాలో వద్దో తేల్చుకోలేరు. మీరు చూసిన ఆ సినిమాకి మాత్రమే సరిపోయే మాట ఒక్కటైనా ఉండాలి. అది ఎలా పట్టుకోవాలో నేను వాడే పద్ధతి చెప్తా, పెద్ద రివ్యూ కోసం కాదు, ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టే నాలుగైదు లైన్ల కోసమే.

ముందుగా, సినిమా అయిపోగానే ఫోన్ తీసి రేటింగ్స్ చూడకండి. తీస్తే నోట్స్ ఓపెన్ చేసి గుర్తున్న సీన్లు మూడు కొట్టిపెట్టుకోండి, నచ్చినవే అక్కర్లేదు, చిరాకు పెట్టినవైనా సరే. వేరేవాళ్ళ మాటలు ఒకసారి చదివాక మనకి అనిపించింది ఏదో వాళ్ళు అన్నది ఏదో విడదీసుకోవడం చాలా కష్టం. పైగా ఆ అంకెల అర్థం కూడా చాలామంది అనుకునేది కాదు. క్రిటిక్స్ రివ్యూలన్నీ ఒకచోట పోగేసే సైట్ రాటెన్ టొమాటోస్‌లో 90 శాతం అంటే సినిమాకి నూటికి 90 మార్కులు వచ్చాయని కాదు, వందమంది క్రిటిక్స్ రాస్తే 90 మంది పాజిటివ్‌గా రాశారని. అందరూ "ఆ, చూడొచ్చు" అని వదిలేసిన సినిమాకి కూడా 100 పడొచ్చు, సగం మంది నెత్తిన పెట్టుకుని సగం మంది తిట్టిపోసిన సినిమాకి 50 పడుతుంది, మీకు ప్రాణంగా నచ్చేది ఆ రెండోదే అయ్యుండొచ్చు.

ఇప్పుడు ఆ మూడు సీన్లలో ఒకటి తీసుకుని స్క్రీన్ మీద ఏం జరిగిందో రాయండి, ఎలా ఉందో కాదు. ఇదే అసలు పని. అన్నదమ్ముల కథ ఒకటి చూశారనుకుందాం, గొడవపడి వెళ్ళిపోయిన తమ్ముడు ఏళ్ళ తర్వాత తిరిగొస్తాడు. "ఎమోషనల్ సీన్ బాగా తీశారు, యాక్టింగ్ సూపర్" అంటే చదివేవాళ్ళ కళ్ళముందు ఏమీ రాదు. అదే "అన్న తలుపు తీసి ఒక్క మాటా అనడు, తమ్ముడి చేతిలో బ్యాగ్ తీసుకుంటాడు, తీసుకుని లోపల పెట్టకుండా గుమ్మంలోనే పట్టుకుని నిలబడిపోతాడు, రమ్మనాలో వద్దో ఇంకా తేల్చుకోలేదని మనకి తెలిసిపోతుంది, బీజీఎం కూడా లేదు" అని రాసి చూడండి. అందులో ఒక్క పొగడ్త లేదు, అయినా ఆ యాక్టర్ ఎంత బాగా చేశాడో అర్థమైపోతుంది, ఇలాంటివి ఇష్టపడేవాళ్ళు ఆ రాత్రే పెట్టుకుని చూస్తారు.

నచ్చనిదానికీ ఇదే దారి. బోర్ కొట్టిందని రాసే ముందు ఎక్కడ కొట్టిందో వెతకండి. నిదానంగా నడిచే సీన్‌నీ సాగదీసిన సీన్‌నీ ఒకే గాటన కట్టొద్దు, పైన చెప్పిన గుమ్మం సీన్ నిదానమే, కానీ ప్రతి సెకనూ ఏదో జరుగుతూనే ఉంటుంది. సాగదీత అంటే మనకి ఆల్రెడీ తెలిసిపోయిన విషయాన్ని ఒక పాత్ర ఫ్రెండ్‌కి ఒకసారి, అమ్మకి ఒకసారి, మళ్ళీ ఏడుస్తూ ఇంకోసారి చెప్పడం. "నిజం బయటపడ్డాక అదే విషయం మూడుసార్లు చెప్పించారు, అక్కడ నాకు ఓపిక పోయింది" అంటే చాలు, అది న్యాయంగా ఉంటుంది, తీసినవాళ్ళు చదివినా కాదనలేరు.

క్లైమాక్స్ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. 1993లో సైకాలజిస్ట్ డేనియల్ కానెమన్ వాళ్ళు చేసిన ఒక ప్రయోగం ఉంది, మనుషుల చేత ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్ళలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు, ఇంకోసారి అదే 60 సెకన్లకి తోడు ఇంకో 30 సెకన్లు, కాకపోతే ఆ చివరి 30లో నీళ్ళు ఒక డిగ్రీ వెచ్చబెట్టారు. మళ్ళీ ఏది చేస్తారు అంటే ఎక్కువమంది ఆ పొడుగు దాన్నే ఎంచుకున్నారు, చివర బాధ కాస్త తగ్గిందని. సినిమాల్లోనూ అంతే, చివరి పది నిమిషాలు ఊపేస్తే ముందు గంటన్నర పడ్డ ఇబ్బంది గుర్తుండదు, చివర్లో తేలిపోతే అంతకుముందు కళ్ళు తిప్పుకోకుండా చూసిందంతా మర్చిపోయి చెత్త అనేస్తాం. అందుకే నేను మధ్యలో సీన్ల గురించి ముందు రాసి క్లైమాక్స్ సంగతి ఆఖర్న రాస్తా.

ఎలా చూశారో కూడా ఒక ముక్క రాయండి. 1.5 స్పీడ్‌లో చూసి పేస్ గురించి మాట్లాడటం అస్సలు బాగోదు. విజువల్స్ సీరియల్‌లా ఉన్నాయనిపిస్తే ముందు టీవీ సెట్టింగ్స్ చూసుకోండి, సినిమా మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు, మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే టీవీ మధ్యలో లేని ఫ్రేములు తయారుచేసి ఇరికిస్తుంది, కెమెరామ్యాన్ తప్పేం లేదు. 2019 తర్వాత వచ్చిన చాలా టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే ఆ గోల పోతుంది. భాష రాని సినిమా అయితే డబ్బింగ్‌లో చూశారా సబ్‌టైటిల్స్‌తోనా అన్నది తప్పకుండా చెప్పండి. సబ్‌టైటిల్ సాధారణంగా రెండు లైన్లకి మించదు, ఇంగ్లీష్‌లో అయితే లైన్‌కి ఓ 42 అక్షరాలు, గబగబా మాట్లాడుకునే సీన్‌లో కొన్ని మాటలు ఎగిరిపోతాయి. డైలాగులు పేలవంగా ఉన్నాయి అనే ముందు ఆ సంగతి ఒకసారి ఆలోచించండి.

స్పాయిలర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మొదటి అరగంటలోని సీన్లు ధైర్యంగా రాయొచ్చు, తర్వాతవి రాయాలంటే ముందే హెచ్చరిక పెట్టండి. "ట్విస్ట్ మాత్రం ఊహించలేరు" అని రాయడం కూడా స్పాయిలరే, ఆ ముక్క చదివినవాళ్ళు సినిమా అంతా దానికోసమే కాచుకుని కూర్చుంటారు.

ఆఖర్న ఎవరికి నచ్చుతుందో ఒక లైన్, ఇక్కడ మీ టేస్ట్ పక్కన పెట్టాల్సిందే. మీకు హారర్ పడదనుకోండి, పడదని చెప్పి, భయపడటం ఇష్టమున్నవాళ్ళకి ఇందులో ఏముందో చెప్పండి. పోస్ట్ పెట్టాక ఎవరైనా "అంత సీన్ లేదు" అంటే వాదన పెట్టుకోకుండా మీకు ఎక్కడ దెబ్బతింది, ఏ సీన్ దగ్గర అని అడగండి. వాళ్ళు సీన్ చెప్తే మీరు పట్టించుకోనిది ఒకటి దొరుకుతుంది, చెప్పలేకపోతే ఇంకో సినిమా గురించి మాట్లాడుకోవచ్చు.