థెరెమిన్‌ను వృత్తిగా ఎంచుకునే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారులకు కొన్ని సూచనలు

రష్యన్ ఆవిష్కర్త లెవ్ తెర్మెన్ 1920 ప్రాంతంలో పెట్రోగ్రాడ్‌లో (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) రూపొందించిన ఎలక్ట్రానిక్ వాద్యం థెరెమిన్‌ను తాకకుండానే వాయిస్తారు. నిలువుగా ఉన్న యాంటెన్నాకు కుడిచెయ్యి దగ్గరయ్యేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. పక్కకు అమర్చిన లోహపు వలయానికి ఎడమచెయ్యి దగ్గరయ్యేకొద్దీ శబ్దం తగ్గుతుంది. గాలిలో చేతులు ఆడిస్తే పాట పుట్టడం చూసేవారికి విడ్డూరం కాబట్టి, మొదటి కచేరీకి పిలుపు రావడం అంత కష్టం కాదు. రెండోసారి పిలిచేది మాత్రం శ్రుతి నిలిచినవారినే. ఈ వృత్తిలోకి రాదలచినవారు తమ సమయాన్నీ డబ్బునూ ఈ సంగతి గుర్తుంచుకునే ఖర్చు చేయాలి.

థెరెమిన్‌తోనే సంగీతం మొదలుపెట్టవద్దు. ఈ వాద్యానికి తొలి గొప్ప కళాకారిణి అయిన క్లారా రాక్‌మోర్ అప్పటికే లియోపోల్డ్ ఆవర్ శిష్యరికంలో వయొలిన్ నేర్చుకున్నారు; చేతి బాధ వల్ల దానిని వదలవలసి వచ్చాక ఇటు మళ్ళారు. మెట్లు గానీ తీగలు గానీ లేని చోట స్వరాన్ని చెవి ఒక్కటే పట్టుకోవాలి. అందువల్ల వయొలిన్, చెల్లో, గాత్రం నేర్చినవారికి ఇది తొందరగా పట్టుబడుతుంది. పియానో వాయించేవారు ముందు కొంతకాలం గాత్రసాధన చేయడం మేలు.

వాద్యాన్ని కొనేటప్పుడు రూపం కన్నా రెండు లక్షణాలను పరీక్షించాలి. ఒకే చేతి కదలికకు మంద్రంలోనూ తారంలోనూ దాదాపు ఒకే అంతరం పలుకుతోందా, ఎడమచెయ్యి ఎత్తిన వెంటనే శబ్దం తెరుచుకుంటోందా అని చూడాలి. రాక్‌మోర్ కోసం తెర్మెన్ ప్రత్యేకంగా చేసి ఇచ్చిన వాద్యంలో స్వరాల పరిధిని మూడు స్థాయిల (ఆక్టేవుల) నుంచి ఐదుకు పెంచడంతో పాటు, శబ్దం త్వరగా స్పందించే ఏర్పాటు కూడా చేశారు. కొన్ని నమూనాల్లో శ్రుతిని దానంతటదే సరిదిద్దే సదుపాయం ఉంటుంది. సాధన సమయంలో దానిని ఆపివేయాలి, లేకపోతే చెవి బద్ధకిస్తుంది.

సాధనలో అధిక భాగం కుడిచేతికే కేటాయించాలి. వేళ్ళు ముడిచినప్పుడు షడ్జం, పూర్తిగా చాచినప్పుడు పై షడ్జం పలికేలా వాద్యాన్ని సరిచేసుకుని, మధ్య స్వరాలకు వేళ్ళ భంగిమలను స్థిరపరచుకోవాలి. రాక్‌మోర్ ఇలాంటి వేళ్ళ పద్ధతిని రూపొందించుకున్నారు. ఈ కాలపు కళాకారిణి కరోలీనా ఐక్ ఒక స్థాయికి ఎనిమిది భంగిమల పద్ధతిని బోధిస్తారు. ఏ పద్ధతి అయినా సరే, శ్రుతి నాదాన్ని వెనుక పెట్టుకుని, వైబ్రాటో (స్వరాన్ని సన్నగా వణికించడం) లేకుండా, నెమ్మదిగా పలికించాలి. వైబ్రాటో తప్పుడు స్వరాన్ని కప్పిపుచ్చుతుంది కాబట్టి అది చివర రావలసిన అలంకారమే. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి వెళ్ళేటప్పుడు మధ్యలో వినిపించే జారును ఎడమచేత్తో అణచడం నేర్చుకోకపోతే, ఎంత మంచి కృతి అయినా ఒకే మూలుగులా వినిపిస్తుంది. శరీరం ఊగినా, తల ముందుకు వంగినా స్వరం చలిస్తుంది. నిశ్చలంగా నిలబడడం కూడా సాధనే.

వేదిక మీద వచ్చే చిక్కులు వేరు. లౌడ్‌స్పీకర్‌ను వెనుక, తల ఎత్తుకు దగ్గరగా ఉంచితే మన స్వరం మనకు ముందుగా వినిపిస్తుంది. హాలు స్పీకర్ల మీద ఆధారపడితే స్వరం తప్పిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. పక్కన కూర్చున్న వాద్యకారుల శరీరాలు, లోహపు స్టాండ్లు, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చెయ్యి కూడా విద్యుత్ క్షేత్రాన్ని మారుస్తాయి. కాబట్టి చుట్టూ కొంత ఖాళీ స్థలం అడిగి తీసుకోవాలి, వాద్యాన్ని ముందుగానే ఆన్ చేసి వేడెక్కనివ్వాలి, ఆర్కెస్ట్రా అంతా కూర్చున్నాకే చివరిసారి శ్రుతి సరిచూసుకోవాలి. ఇక తొలి స్వరం: ఎడమచేతిని వలయానికి బాగా దగ్గరగా ఉంచి, తమకు మాత్రమే వినిపించేంత సన్నని శబ్దంతో ఆ స్వరాన్ని వెతికి పట్టుకుని, ఆ తరువాతే చెయ్యి ఎత్తాలి. శ్రోతల ఎదుట స్వరం కోసం తడుముకోవడం వాద్యకారుడికి చాలా చెడ్డపేరు తెస్తుంది.

కచేరీ జాబితాను చెల్లో, గాత్రాల కోసం రాసిన నిదానమైన కృతులతో మొదలుపెట్టవచ్చు. సాఁ-సాన్స్ 'హంస', రాఖ్మానినోవ్ 'వొకలీజ్' ఈ వాద్యానికి బాగా నప్పుతాయి. కానీ వాటి దగ్గరే ఆగితే, చెల్లో ఉండగా థెరెమిన్ ఎందుకన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. థెరెమిన్, ఓబో, తీగవాద్య చతుష్టయం, పియానోల కోసం మార్టినూ 1944లో రాసిన ఫాంటసీ, రాక్‌మోర్ 1945లో తొలిసారి వాయించిన అనీస్ ఫులైహాన్ కాన్సర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ప్రధానంగా సాగే కృతి), ఐక్ కోసం కలేవి ఆహో రాసిన కాన్సర్టో వంటివి అభ్యసించాలి. ఆ తరువాత సజీవులైన స్వరకర్తలను స్వయంగా కలవాలి. తమ వాద్యం పరిధి, ఏ అంతరాలు సులువో, ఎంత వేగం దాటితే స్వరాలు కలిసిపోతాయో ఒక్క పేజీలో రాసి ఇస్తే, వారు దయ్యాల అరుపులకు మించి ఏదైనా రాస్తారు. ఒక కృతి ఎంత దూరం తీసుకుపోగలదో ఓంద్ మార్తెనో అనే, కీబోర్డు ఉన్న మరో ఎలక్ట్రానిక్ వాద్యం చరిత్ర చూస్తే తెలుస్తుంది: 1949లో బోస్టన్‌లో తొలిసారి వినిపించిన మెస్సియాఁ 'తురంగలీల' సింఫనీని ఎక్కడ ఏర్పాటు చేసినా, ఆ వాద్యకారుడిని వెతికి పిలవక తప్పదు. కీబోర్డు అలవాటు ఉన్నవారు ఆ వాద్యాన్ని కూడా ఆలోచించవచ్చు, అయితే మంచి వాద్యం దొరకడమే కష్టం.

కచేరీల మీదే జీవనం సాగుతుందని ఆశించకూడదు. సినిమా రికార్డింగులు, పాఠాలు, థెరెమిన్‌కు ముందు నేర్చిన వాద్యంపై వచ్చే పని కలిసి ఆదాయాన్ని నిలబెడతాయి. ఆర్కెస్ట్రాతో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు పారితోషికంతో పాటు వేదికపై ఖాళీ స్థలం, ఎర్తింగ్ ఉన్న విద్యుత్ కనెక్షన్, సొంత స్పీకర్ వాడుకునే అనుమతి, కచేరీ జరిగే హాలులోనే పూర్తి ఆర్కెస్ట్రాతో కనీసం ఒక రిహార్సల్ ఉండాలని స్పష్టంగా రాయించుకోవాలి.