ఎండాకాలం షట్‌డౌన్‌కు ముందు: టాబ్ వెనక ప్లేటు చదివారా?

మే నెలలో రామగుండం, గోదావరిఖని వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ప్లాంట్లలో మనుషుల కోసం మజ్జిగ, ఓఆర్‌ఎస్, పని వేళల మార్పు అన్నీ ముందే చూసుకుంటారు. ఫీల్డ్ ఆపరేటర్ చేతిలోని టాబ్ గురించి మాత్రం ఎవరూ అడగరు. "అది రగ్గుడ్ కదా, కింద పడ్డా ఏం కాదు" అనే ధీమా. పడితే ఏం కాకపోవచ్చు. కానీ గ్యాస్ ఉండే చోట వాడటానికి దానికి ఇచ్చిన సర్టిఫికెట్ ఎంత వేడి వరకు చెల్లుతుందో ఎప్పుడైనా చూశారా?

పేలుడు ప్రమాదం ఉన్న చోట వాడే పరికరాలకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) పెట్టిన ఐఈసీ 60079 ప్రమాణాలు వర్తిస్తాయి. మన దేశంలో ఐఎస్/ఐఈసీ 60079 పేరుతో ఉన్నవీ అవే. సర్టిఫికెట్ గుర్తులు వేసిన పరికరం ప్లేటు మీద వేడి గురించి ప్రత్యేకంగా ఏమీ రాయకపోతే, చుట్టూ ఉన్న గాలి వేడి మైనస్ 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుందన్న లెక్కతోనే పరీక్ష చేశారని అర్థం. అంతకు మించిన వేడికి పరీక్షించి ఉంటే 'టీఏ' అనో 'టీయాంబ్' అనో రాసి, పక్కన 50, 55 లాంటి అంకె వేస్తారు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం ఈ అంకె లేని టాబ్ పట్టుకుని రౌండ్స్‌కు వెళ్తే, కాగితం మీద అది సర్టిఫికెట్ లేని టాబ్ కిందే లెక్క. పైగా వాతావరణ శాఖ చెప్పే 45 నీడలో కొలిచిన అంకె. సహజవాయువును మండే వేడిలో హైడ్రోజన్‌గా మార్చే రిఫార్మర్ పక్కనో, బాయిలర్ పైఅంతస్తులోనో గాలి ఇంకెంత వేడిగా ఉంటుందో అక్కడ నిలబడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు.

41 డిగ్రీలకే ఏదో పేలిపోతుందని కాదు. 'టీ4' అని రాసి ఉంటే పరికరం ఉపరితలం 135 డిగ్రీలు దాటదని హామీ. అమ్మోనియా కానీ, హైడ్రోజన్ కానీ తనంతట తాను అంటుకోవడానికి 500 డిగ్రీల పైనే కావాలి. కాబట్టి గ్యాస్ విషయంలో అసలు భయం పైతొడుగు వేడి కాదు, లోపలి బ్యాటరీ, దాని కరెంటును అదుపులో పెట్టే సర్క్యూట్. షార్ట్ అయినా గ్యాస్‌ను అంటించగల రవ్వ పుట్టకుండా శక్తిని కట్టడి చేయడమే ఇంట్రిన్సిక్ సేఫ్టీ. ఆ కట్టడికి తయారీదారు ఇచ్చిన హామీ ప్లేటు మీది వేడి వరకే. దాటాక ఏమవుతుందో ఎవరూ పరీక్షించలేదు. అందుకే మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్‌కు పది రోజుల ముందే స్టోర్స్‌లోని హ్యాండ్‌హెల్డ్‌లన్నీ బల్ల మీద పెట్టించి, ఒక్కోదాని ప్లేటూ చదివించండి. టీఏ అంకె లేనివాటి మీద పెయింట్ పెన్‌తో గుర్తు పెట్టి, తెల్లవారుజాము రౌండ్లకో ఏసీ గదులకో పరిమితం చేయండి. మధ్యాహ్నం షిఫ్టుకు రీడింగులు పుస్తకంలో రాసుకున్నా కొంప మునగదు.

ప్లేటు చదివేటప్పుడే ఇంకో మూడు సంగతులు చూడాలి.

మొదటిది గ్యాస్ గ్రూపు. ప్లేటు మీద రోమన్ రెండు పక్కన ఏ, బీ, సీ అని ఉంటుంది. అమ్మోనియా, సహజవాయువు ఏ కిందకు వస్తాయి. హైడ్రోజన్ సీ కిందకు వస్తుంది. మీథేన్‌ను అంటించే రవ్వలో పదో వంతు శక్తి కూడా హైడ్రోజన్‌కు అక్కర్లేదు, పైగా గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత ఉన్నా అంటుకుంటుంది. ఎరువుల ప్లాంట్‌లో సింథసిస్ గ్యాస్ లైన్ల దగ్గరే కాదు, థర్మల్ స్టేషన్‌లోనూ హైడ్రోజన్ ఉంటుంది. పెద్ద జనరేటర్లను చల్లబరిచేది దానితోనే. "మాది బొగ్గు ప్లాంటు, మాకేం గ్యాస్" అనే సూపర్‌వైజర్లు ఈ మాట గుర్తుంచుకుంటే మేలు. సీ అని ఉన్నది ఏ, బీ చోట్ల కూడా పనికొస్తుంది. ఏ అని ఉన్నది సీ చోట పనికిరాదు.

రెండోది జోన్, అంటే ఆ చోట గ్యాస్ ఎంత తరచుగా ఉండొచ్చన్న లెక్క. మామూలు పనిలోనే అప్పుడప్పుడు వచ్చే చోటు జోన్ 1, అరుదుగా కాసేపు మాత్రమే వచ్చే చోటు జోన్ 2. 'జీబీ' అని ఉంటే జోన్ 1లోకి, 'జీసీ' అని ఉంటే జోన్ 2లోకి మాత్రమే. కొనేటప్పుడు చవగ్గా వస్తుందని జోన్ 2వి తీసుకుని, తర్వాత మెల్లగా కంప్రెసర్ షెడ్‌లోకి పట్టుకెళ్లడం చాలాచోట్ల జరిగే పనే. ప్లాంట్ జోన్ మ్యాప్ ప్రింట్ తీసి, టాబ్ ఇచ్చే కౌంటర్ గోడకు అంటించండి.

మూడోది సర్టిఫికెట్ నంబర్ చివర 'ఎక్స్' అనే అక్షరం. అది ఉందంటే ప్రత్యేక షరతులున్నాయని అర్థం. తోలు కవర్‌లోనే వాడాలి, తడిగుడ్డతోనే తుడవాలి లాంటివి. ఆ షరతులు మాన్యువల్ లోపలి పేజీల్లో ఉంటాయి, మాన్యువల్ ఎవరి బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క పేజీ ఫొటో తీసి షిఫ్టు గ్రూపులో పెట్టండి, చాలు.

ఐపీ 67, ఐపీ 68 అంకెలు చూసి మోసపోకండి. అవి దుమ్ముకు, నీళ్లకు సంబంధించినవి. మిల్ స్టాండర్డ్ 810 అన్నది కుదుపులు, పతనాల వంటి పరీక్షలది. ఈ రెండూ ఉన్న టాబ్ గోదాములో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అమ్మోనియా ట్యాంక్ దగ్గర మాత్రం మామూలు ఫోన్‌తో సమానం. షట్‌డౌన్‌కు బయటినుంచి వచ్చే కాంట్రాక్టు టీములు తెచ్చుకునేవి ఎక్కువగా ఇలాంటివే. గేటు దగ్గర వాటిని ఆపాల్సింది సెక్యూరిటీ గార్డు కాదు, ఆయనకు ప్లేటు చదవడం ఎవరూ నేర్పలేదు. పని మొదలుపెట్టడానికి అనుమతినిచ్చే పర్మిట్ మీద సంతకం పెట్టే ఇంజనీరే చూడాలి. పర్మిట్ ఫారంలో 'తీసుకెళ్లే ఎలక్ట్రానిక్ పరికరాలు' అని ఒక గడి చేరిస్తే సగం గొడవ తీరుతుంది.

బ్యాటరీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎండాకాలం తంటాలన్నీ అక్కడే. లిథియం అయాన్ బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. ఎండలోంచి తెచ్చిన టాబ్‌ను అలాగే ఛార్జర్‌లో పెడితే అది ఛార్జ్ తీసుకోదు, కుర్రాళ్లు ఛార్జర్ పోయిందనుకుని వేరే ఛార్జర్ గుచ్చుతారు. అరగంట నీడలో చల్లబడనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టడం, ఏసీ గాలికి ఎదురుగా ఆనించడం వద్దు, లోపల తేమ పడుతుంది. జీపు డ్యాష్‌బోర్డు మీద, బైకు డబ్బాలో వదిలేసి భోజనానికి వెళ్లొద్దు. వెనక మూత కొద్దిగా ఉబ్బినట్టు కనిపించినా, టాబ్ బల్ల మీద పెడితే ఊగినా, ఆ రోజే పక్కన పెట్టేయాలి. ఛార్జింగ్, బ్యాటరీ మార్పు, యూఎస్‌బీ కేబుల్ తగిలించడం ప్రమాదం లేని గదిలోనే. బజార్లో దొరికే అదే సైజు బ్యాటరీ వేస్తే టాబ్ ఆన్ అవుతుంది, సర్టిఫికెట్ అక్కడితో పోతుంది. స్క్రూ ఒక్కటి తప్పిపోయి వేరేది బిగించినా అంతే.

గాజు మీద చిన్న చీలిక కూడా లోపమే. "టచ్ పనిచేస్తోంది కదా" అన్నది ఆఫీసులో చెల్లే వాదన.

వైఫై, బ్లూటూత్ సిగ్నల్ వల్లే గ్యాస్ అంటుకుంటుందని భయపడేవాళ్లున్నారు. హైడ్రోజన్ లాంటి కఠినమైన గ్రూపుకు కూడా రేడియో పవర్ పరిమితి 2 వాట్లు. ఈ టాబ్‌ల వైఫై అందులో చిన్న భాగమే. టెన్షన్ పడాల్సింది బ్యాటరీ గురించి, సిగ్నల్ గురించి కాదు.

బొగ్గు దుమ్ము వేరే కథ. కోల్ హ్యాండ్లింగ్‌లో టాబ్ మీద దుమ్ము పొర పేరుకుంటే లోపలి వేడి బయటకు పోదు. గ్యాస్‌లు అంటుకునే వేడి కన్నా చాలా తక్కువ వేడికే ఆ పొర రాజుకోగలదు. అక్కడ ప్లేటు మీద గ్యాస్ గుర్తు ఒక్కటే ఉంటే చాలదు, రోమన్ మూడుతో మొదలయ్యే దుమ్ము గుర్తు ఉండాలి. ప్రతి రౌండ్ తర్వాత తడిగుడ్డతో తుడవాలి. పొడిగుడ్డతో రుద్దితే స్టాటిక్ పుడుతుంది. వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో బేళ్లను స్కాన్ చేసేవాళ్లకూ ఇదే మాట. పత్తి నూగుకు కూడా మూడో గ్రూపులో చోటుంది, వాళ్ల సీజన్ చలికాలంలో గాలి పొడిగా ఉండి స్టాటిక్ ఇంకా ఎక్కువ.

బాయి లోపలికి వెళ్లేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. భూగర్భ గనికి గ్రూప్ 1 గుర్తుతో పాటు ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) ఆమోదం కావాలి. పైన ప్లాంట్లో హైడ్రోజన్ దగ్గర వాడే ఖరీదైన టాబ్ అయినా సరే, ఆ గుర్తు లేకపోతే కిందికి దిగకూడదు. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది, దానికి బొగ్గు దుమ్ము తోడైతే ఎంత దూరం పాకుతుందో సింగరేణి ఇళ్లలో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా! ల్యాంప్ రూంలో క్యాప్ ల్యాంప్ ఇచ్చి పుచ్చుకున్నట్టే ఈ పరికరాలకూ నంబరు వేసి, సంతకంతో ఇచ్చి, సంతకంతో తీసుకునే పద్ధతి అన్నిటికన్నా నయం.

జూన్‌లో వాన మొదలైతే తంటా మారుతుంది. ఎండకు గట్టిపడ్డ రబ్బరు మూతలు, గ్యాస్కెట్లు మొదటి జల్లుకే నీళ్లు పీలుస్తాయి. ఛార్జింగ్ పోర్టు మూతను వేలితో వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే మార్పించాలి. మూతలు, కవర్లు, సర్టిఫికెట్ ఉన్న బ్యాటరీలు బజార్లో దొరకవు, కంపెనీ నుంచి రావడానికి వారాలు పడుతుంది. వాటిని తెప్పించమని కోరే ఇండెంట్ ఏప్రిల్‌లోనే పెట్టేయండి.