ఎలాస్టిక్‌సెర్చ్ నోడ్‌లు మాటిమాటికీ ఆగిపోతుంటే ఎలా సరిచేయాలి?

విజయనగరంలో సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డవాళ్ళకి గార్బేజ్ కలెక్షన్ (జీసీ, అంటే ఇక అక్కర్లేని మెమరీని ఊడ్చేయడం) గురించి వేరే చెప్పక్కర్లేదు. చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను కదిలినంతసేపూ ఆ దారిలో ఇంకే బండీ కదలదు. డేటాలో వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్ నడిచేది జావా మీద. జావా తన హీప్‌లో (పని కోసం పక్కన పెట్టుకున్న ర్యామ్‌లో) చెత్త ఊడ్చేటప్పుడు కూడా కొన్ని దశల్లో మిగతా పనంతా అలాగే ఆపేస్తుంది. అది మిల్లీసెకన్లలో అయిపోతే ఎవరికీ తెలియదు. అర నిమిషం పట్టిందంటే మాత్రం, పలకరించినా బదులు రావట్లేదని పెత్తనం చేసే మాస్టర్ నోడ్ ఆ నోడ్‌ని (సర్వర్‌ని) క్లస్టర్ నుంచి, అంటే సర్వర్ల గుంపు నుంచి తీసేస్తుంది, దాని షార్డ్‌ల (ఇండెక్స్ ముక్కల) భారం పక్క నోడ్‌ల మీద పడుతుంది, కాసేపటికి అవీ ఉక్కిరిబిక్కిరవుతాయి.

అప్పుడు అందరికీ మొదట తోచేది హీప్ పెంచేద్దామని. నేను ఇక్కడ ఇంటి నుంచి పనిచేస్తూ చూసుకునే ఒక క్లస్టర్‌లో మేమూ అదే చేశాం, 64 జీబీ మెషీన్లలో 30 ఉన్న హీప్‌ని 40 చేశాం, సెర్చ్ ఇంకా నెమ్మదించింది. హీప్ 32 జీబీ దగ్గరికి వచ్చి దాటితే జావా తన పాయింటర్లను (మెమరీ చిరునామాలను) కుదించి దాచుకోలేదు, 4 బైట్లది 8 బైట్లవుతుంది, పెంచిన దాంట్లో చాలా భాగం దానికే పోతుంది. పైగా ఇండెక్స్ ఫైళ్ళను లినక్స్ తన క్యాష్‌లో పెట్టుకోవడానికి మిగిలే ర్యామ్ 10 జీబీ తగ్గింది. అందుకే హీప్ సైజు జోలికి పోకముందు ఈ వరుసలో చూడండి.

1. నోడ్‌ని ఎవరు ఆపారు?
కెర్నల్ లాగ్‌లో ఓఓఎం కిల్లర్ (ర్యామ్ అయిపోతే ప్రోగ్రామ్‌లను ఆపేసే లినక్స్ భాగం) పేరుంటే మెషీన్ మొత్తం మీద ర్యామ్ చాలలేదని అర్థం, హీప్ పెంచితే ఇంకా చెడుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ లాగ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ గానీ, జీసీ ఓవర్‌హెడ్ హెచ్చరికలు గానీ ఉంటే సమస్య హీప్ లోపలే ఉంది.

2. రంపం పళ్ళ అడుగు చూడండి
హీప్ గ్రాఫ్ రంపం పళ్ళలా ఎక్కి దిగుతుండటం మంచిదే. పై కొన చూసి టెన్షన్ పడొద్దు. ఓల్డ్ జనరేషన్ (హీప్‌లో చాలాకాలం నిలిచిన డేటా ఉండే భాగం) ఊడ్చాక ఎంత మిగిలిందన్నదే అసలు సంగతి. 75 శాతం దాకా ఎక్కి ప్రతిసారీ 40కి దిగుతుంటే ఆ నోడ్ బాగానే ఉంది. నిన్న 40కి దిగింది ఇవాళ 60కి, రేపు 70కి మాత్రమే దిగుతుంటే దేన్నో ఎవరో వదలకుండా పట్టుకున్నారు.

3. సెట్టింగులు
ఎక్స్‌ఎంఎస్ (హీప్ మొదటి సైజు), ఎక్స్‌ఎంఎక్స్ (గరిష్ఠ సైజు) ఒకటే ఉండాలి, ర్యామ్‌లో సగం దాటకూడదు, 26 జీబీ దాకా దాదాపు ఎక్కడైనా భయం లేదు. స్వాప్ ఆపేయండి. హీప్‌లో కొంత భాగం డిస్క్ మీదికి పోతే చిన్న జీసీ కూడా ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

4. పట్టుకున్నదెవరు?
ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ముందు ఫీల్డ్ వారీగా ఫీల్డ్‌డేటా (టెక్స్ట్ ఫీల్డ్ మీద లెక్కలు తీయడానికి హీప్‌లో పెట్టుకునే డేటా) ఎంతుందో చూడండి. మా క్లస్టర్‌లో దొరికిన దొంగ అదే: ఊరు, మండలం పేరు టెక్స్ట్ ఫీల్డ్‌లో ఉంటే, వాటి మీద లెక్కలు తీయడానికి ఎవరో ఫీల్డ్‌డేటా ఆన్ చేశారు. టెక్స్ట్ ఫీల్డ్‌కి అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, అలా ఉంచడానికి కారణముంది, ఆ ఫీల్డ్‌లోని పదాలన్నీ హీప్‌లోకి వచ్చి కూర్చుంటాయి. దాని పక్కన కీవర్డ్ ఫీల్డ్ (పేరును పదాలుగా విడగొట్టకుండా మొత్తంగా దాచేది) పెట్టి, పాత డేటా రీఇండెక్స్ చేసి, లెక్కలన్నీ దాని మీదికి మార్చాక గ్రాఫ్ అడుగు మళ్ళీ కిందికి దిగింది, హీప్‌ని తిరిగి 30కి తెచ్చేశాం.

అది కాకపోతే షార్డ్‌లు లెక్కపెట్టండి. రోజుకో చిన్న ఇండెక్స్, అందులో ఐదేసి షార్డ్‌లు అని ఏడాది నడిపితే వేలల్లో పోగవుతాయి, ఖాళీగా ఉన్నా ప్రతి షార్డ్‌కీ హీప్‌లో కొంత చోటు కావాలి. ఒక్కోటి 10 నుంచి 50 జీబీ ఉండేలా రోల్‌ఓవర్ (సైజు నిండగానే కొత్త ఇండెక్స్ మొదలయ్యే ఏర్పాటు) పెట్టుకోండి, పాతవి తీసేయండి. పదివేల ఫలితాల పరిమితిని లక్షలకు పెంచి వెనక పేజీలు తోడేవాళ్ళుంటే సెర్చ్ ఆఫ్టర్‌కి (క్రితం పేజీ చివరి ఫలితం నుంచి ముందుకెళ్ళే పద్ధతికి) మార్చమనండి.

5. సర్క్యూట్ బ్రేకర్‌ని తిట్టుకోవద్దు
429 ఎర్రర్ వచ్చిందంటే, మెమరీ మితిమీరకుండా కాపలా కాసే ఈ బ్రేకర్ ఆ ఒక్క క్వెరీని ఆపి నోడ్‌ని కాపాడిందన్నమాట. దాని పరిమితి పెంచితే తర్వాత పడిపోయేది నోడే.

అర్ధరాత్రి ఇప్పుడే పడిపోతుంటే
టాస్క్‌ల జాబితాలో చాలాసేపటి నుంచి నడుస్తున్న సెర్చ్‌ని రద్దు చేయండి, ఫీల్డ్‌డేటా క్యాష్ ఖాళీ చేయండి. రీస్టార్ట్ తప్పకపోతే షార్డ్ అలొకేషన్‌ని (షార్డ్‌లను నోడ్‌లకు పంచడాన్ని) ప్రైమరీలకే, అంటే అసలు కాపీలకే పరిమితం చేసి ఒక్క నోడ్‌నే చేయండి, అలొకేషన్ మళ్ళీ తెరిచి, క్లస్టర్ గ్రీన్‌కి (షార్డ్‌లన్నీ నోడ్‌లకు చేరిన స్థితికి) వచ్చాకే రెండోదాని మీద చెయ్యి వేయండి.

ఇవన్నీ చూసినా దొరక్కపోతే హీప్ డంప్ (హీప్‌లో ఉన్నదంతా ఒక ఫైలుగా) తీసి ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్‌లో తెరవండి. తీసేటప్పుడు నోడ్ ఆగిపోతుంది, ఫైలు దాదాపు హీప్ అంత వస్తుంది కాబట్టి డిస్క్‌లో చోటుందో లేదో ముందే చూసుకోండి. అందులో మీ కస్టమర్ల వివరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి, పని కాగానే తుడిచేయండి.