కెల్డాల్ బ్లాకు వేడెక్కే ముందు

వానాకాలం పంటకు ముందు ల్యాబుల్లో నమూనాల సంచులు గుట్టపడతాయి. తొందర అప్పుడే మొదలవుతుంది. 1883లో డెన్మార్క్‌లో యోహాన్ కెల్డాల్ చెప్పిన పద్ధతినే నత్రజని కొలవడానికి ఇప్పటికీ వాడుతున్నాం. ముందు నమూనాను ఆమ్లంలో ఉడికిస్తాం (డైజెషన్), తర్వాత కాస్టిక్ సోడా కలిపి అమోనియాను ఆవిరిగా బయటికి తెచ్చి, బోరిక్ ఆమ్లంలో పట్టి కొలుస్తాం. అందులో కాలేది, చిందేది ఎక్కువగా ఈ తొందర వల్లే.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పైగా ట్యూబులను వేడిచేసే బ్లాకు 420 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే హీటర్ కంటే ముందు ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగేది), స్క్రబ్బర్ (ఆమ్లపు పొగను కడిగేది) ఆన్ అవ్వాలి. కరెంటు పోయినా బ్లాకు వెంటనే చల్లారదు, పొగ మాత్రం గదిలోకి వస్తుంది. ఆ రెండూ జనరేటర్ లైను మీద ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. వేరుశనగ, పాలపొడి లాంటివి బాగా నురగ కడతాయి. వేడి మెట్లుమెట్లుగా పెంచండి, నమూనా కాస్త తగ్గించండి.

అసలు భయపడాల్సింది డైజెషన్ అయ్యాక. ద్రావణం తేటపడగానే పని అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. ట్యూబు చేత్తో పట్టుకునేంత చల్లారాకే, గోడ వెంట కొద్దికొద్దిగా నీళ్లు పోయాలి. వేడి ఆమ్లంలో నీళ్లు గానీ 40 శాతం కాస్టిక్ సోడా గానీ పడితే ట్యూబులోది ముఖం మీదకి ఎగురుతుంది. గాగుల్స్ ఒక్కటే చాలవు, ఫేస్ షీల్డ్ పెట్టుకోండి. రాగి ఉత్ప్రేరకం వాడితే, సోడా చాలినంత పడ్డాక రంగు ముదురు నీలమో నల్లగానో మారుతుంది. మారకపోతే అమోనియా పూర్తిగా రాదు. గాజు సెట్ అయితే మంట ఆపే ముందే బోరిక్ ఆమ్లం ఫ్లాస్కును కిందికి దించండి, లేదంటే వెనక్కి పీల్చేస్తుంది.

అంకె తప్పు రాకుండా కూడా చూసుకోవాలి. ప్రతి బ్యాచ్‌లో ఒక బ్లాంక్ (నమూనా లేని ట్యూబు), ఒక అమ్మోనియం సల్ఫేట్ ట్యూబు పెట్టండి. రెండోదానిలో 21.2 శాతం నత్రజని రావాలి. అమోనియా సీసా ఆ గదిలో ఉండకూడదు. నీటి నమూనాలకు ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే తగ్గించి, ఫ్రిజ్‌లో పెట్టాలి. నైట్రేట్ మామూలు కెల్డాల్‌లో లెక్కకు రాదు, దాన్ని విడిగా చూడాలి. ప్రొటీన్ లెక్కకు నత్రజని శాతాన్ని వేరుశనగకు 5.46, పాలకు 6.38తో గుణించాలి. అన్నింటికీ 6.25 వేసేయకండి. పైగా ఈ పద్ధతికి ప్రొటీన్ ఏదో, నత్రజని ఎక్కువగా ఉండే మెలమైన్ అనే రసాయనం ఏదో తెలియదు. 2008లో చైనా పాలపొడిలో మోసం సాగింది ఈ లోపాన్ని వాడుకునే. అనుమానం వస్తే వేరే పరీక్ష చేయించాల్సిందే.

సెలీనియం, పాదరసం ఉత్ప్రేరకాలు ఇంకా అల్మరాలో ఉంటే రాగికి మారిపోండి. వాటి వ్యర్థాన్ని సింకులో పోయకుండా, లేబుల్ వేసి విడి డబ్బాలో పెట్టండి.