పాంగాంగ్ మంచు పరుగుకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

లద్దాఖ్‌లో గడ్డకట్టిన పాంగాంగ్ సరస్సు మీద 2023 ఫిబ్రవరిలో 21 కిలోమీటర్ల పరుగు జరిగింది. ఎత్తు 4,200 మీటర్ల పైనే. డిసెంబర్ హైదరాబాద్‌కే స్వెట్టర్ తీసే మనం అలాంటి చోటికి వెళ్లేముందు:

• వణుకు ఆగిపోతే ‘హమ్మయ్య’ అనుకోవద్దు. మాట ముద్దగా వస్తూ, అడుగు తడబడుతూ, జిప్ కూడా పెట్టుకోలేని మనిషికి వణుకు ఆగిందంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోయినట్టే. పడుకోబెట్టి, తడి బట్టలు తీసి, దుప్పట్లు కప్పి డాక్టర్‌ని పిలవండి. నడిపించొద్దు, కుదుపుకి గుండె లయ తప్పవచ్చు. ఆ ఎత్తులో ఇవే లక్షణాలు ఆక్సిజన్ చాలక కూడా రావచ్చు. ఏదైనా సరే, పరుగు అక్కడితో ఆపాల్సిందే.

• వేళ్లు, ముక్కు, చెవులు తెల్లబడి మైనంలా గట్టిపడితే రుద్దొద్దు, కణజాలం ఇంకా దెబ్బతింటుంది. మంట దగ్గరా పెట్టొద్దు, మొద్దుబారిన వేలికి కాలడం తెలియదు. 37–39 డిగ్రీల నీళ్లలో ముంచాలి. మళ్లీ చలిలోకి వెళ్లక తప్పదంటే అదీ వద్దు. కరిగి మళ్లీ గడ్డకడితే వేలే పోవచ్చు.

• ఒంటికి ఆనే పొర కాటన్‌ది వద్దు. చెమటకి తడిస్తే ఆరదు.

• టెంపరేచర్‌తో పాటు గాలి వేగమూ చూడండి. చర్మం గడ్డకట్టేది గాలి తోడైతేనే త్వరగా.

• రమ్ము సలహా ఇచ్చే పెద్దమనిషి ఎక్కడైనా ఉంటాడు. వినొద్దు. వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది.

• పొడి బట్టల బ్యాగ్ ఫినిష్ లైన్ దగ్గరే ఉంచండి. పరుగు ఆపిన నిమిషాల్లోనే ఒళ్లు చల్లబడుతుంది, ఫొటోలు తర్వాత.